రెండున్నరకీ మూడుకీ మధ్య ఏముంటుంది?
(సినిమా రివ్యూల మార్కుల మీద ఒక ఫోరమ్ చర్చ. ప్రతి పోస్టు ముందున్నది రాసినవారి మారుపేరు.)

చివరి వరుస:
నిన్న రాత్రి ఒక థ్రిల్లర్ చూశాను. బాగుందా అంటే బాగుంది, గొప్పగా ఉందా అంటే లేదు. లిఫ్ట్ ఆగిపోయి హీరో, వాడు వెతుకుతున్న మనిషి పక్కపక్కనే మాటల్లేకుండా నిలబడే సీన్ ఒకటుంది. అప్పుడు మాత్రం కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. మిగతాదంతా అలా నడిచిపోయింది.

తర్వాత రివ్యూలు తెరిచాను. 5కి ఒకాయన 2.5 ఇచ్చాడు, ఇంకొకాయన 3, ఒకావిడ 3.5. విచిత్రం ఏంటంటే ముగ్గురూ రాసింది దాదాపు ఒకటే. ఫస్టాఫ్‌లో పట్టుంది, సెకండాఫ్ సాగింది, క్లైమాక్స్ తేలిపోయింది. మాటలు ఒకటే అయినప్పుడు అంకె ఎందుకు మారింది? పైగా విమర్శకుల రివ్యూలన్నీ పోగేసి ఒక్క అంకె చూపించే సైట్లున్నాయి కదా, వాటిలో రాటెన్ టొమాటోస్‌లో 88 శాతం, మెటాక్రిటిక్‌లో 100కి 58. ఇలాంటి మధ్యరకం సినిమాలకి అసలు ఏ లెక్కన మార్కులు వేస్తారు?

ఇంటర్వెల్:
లెక్కా పాడా! ఆ రోజు మూడ్ ఎలా ఉంటే అంత. తలనొప్పి ఉంటే 2.5, లేకపోతే 3.

పాత నోట్‌బుక్:
ఆరేళ్లు వారం వారం రివ్యూలు రాశాను. పైన చెప్పిన తలనొప్పి సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను.

ముందు ఆ 88, 58 సంగతి. రాటెన్ టొమాటోస్ శాతం సినిమాకి వచ్చిన మార్కు కాదు, ఎంతమంది విమర్శకులు ‘ఫర్వాలేదు, చూడండి’ అన్నారో ఆ లెక్క. వందమంది రాసి, వందమందీ 5కి 3 ఇచ్చి, ‘చూడొచ్చు’ వైపే లెక్కకొస్తే అక్కడ 100 శాతం కనిపిస్తుంది. ఎవ్వరూ ఎగిరి గంతెయ్యకపోయినా సరే. మెటాక్రిటిక్ మార్కుల సగటు తీస్తుంది (కొందరి మాటకి ఎక్కువ బరువిస్తుంది, అది పక్కన పెడదాం). అక్కడ అదే సినిమాకి 60, పసుపు రంగు, అంటే మధ్యరకం. ఇప్పుడు ఇంకో సినిమా తీసుకోండి. సగం మంది 5కి 5 ఇచ్చారు, సగం మంది 1 ఇచ్చారు. మెటాక్రిటిక్‌లో సగటు మళ్లీ ఆ 60 దగ్గరే ఆగుతుంది. రాటెన్ టొమాటోస్‌లో మాత్రం 50కి పడిపోయి, 60 అందుకోలేదు కాబట్టి ‘రాటెన్’, అంటే కుళ్లిన ముద్ర పడుతుంది. నాకైతే ఆ రెండో సినిమానే చూడాలనిపిస్తుంది. అంటే మీరు చూసినలాంటి ‘ఎవరికీ కోపం తెప్పించని’ సినిమాలకి ఆ శాతం పద్ధతి బాగా కలిసొస్తుంది.

ఇక అంకె ఎలా పుడుతుందో చెప్తాను. చీకట్లో రాసిన నోట్‌బుక్‌లు ఇంకా దాచుకున్నాను. గీత మీద గీత పడి సగం అర్థం కావు. ఒక మధ్యరకం సినిమాకి నేను రాసుకున్నది మొత్తం ఇంతే: ‘తలుపు సీన్ బాగుంది’, ‘ఫోన్ ఎందుకు చెయ్యడు?’, ‘టైమ్ చూశా’, ఇంకాస్త కింద మళ్లీ ‘టైమ్ చూశా’. మంచి సినిమాకి రాయడం మర్చిపోతాం. చెత్త సినిమాకి పేజీలు నిండుతాయి, సీట్లో కూర్చునే జోకులు తయారుచేసుకుంటాం. ఈ మధ్యరకానికే పెన్ను కదలదు. పొగడటానికి చెయ్యి రాదు, తిట్టడానికి నోరు రాదు. ‘ఒకసారి చూడొచ్చు’ అన్న మాట పుట్టింది అక్కడే. నేనూ లెక్కలేనన్నిసార్లు వాడాను, సిగ్గుగానే.

అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 4 స్టార్ల లెక్కలో రాసేవాడు. మామూలుగా ఆయన 3 ఇస్తే బొటనవేలు పైకి, 2.5 ఇస్తే కిందికి. అంటే ఆ అర స్టారే తీర్పు. స్టార్లు ఆ కోవలోని మిగతా సినిమాలతో పోల్చి ఇచ్చేవే తప్ప, అన్నిటికీ కలిపి ఒకే తూకం కాదని కూడా చెప్పేవాడు. నవ్వించడానికి వచ్చిన సినిమాని నవ్వించిందా అని అడగాలి కదా. అక్కడి ఇంకో విమర్శకురాలు పాలిన్ కేల్ అయితే ఈ స్టార్ల జోలికే పోలేదు. అదృష్టవంతురాలు.

నాకు ఆ భాగ్యం లేదు. ఒకసారి ఒక కామెడీకి 2.5 వేసి పంపితే, ఎడిటర్ ఫోన్ చేసి “చూడమంటున్నావా, వద్దంటున్నావా? తేల్చు” అన్నాడు. ఆ రోజు నాకది మూడో సినిమా. విసుగ్గా “సరే, 2 వేసెయ్యండి” అన్నాను. రివ్యూలో ఒక్క అక్షరం మార్చలేదు. ఏడాది తర్వాత తీరిగ్గా మళ్లీ చూశాను, అన్నదమ్ములు సూట్‌కేసు కోసం కొట్టుకునే సీన్‌కి పడీపడీ నవ్వాను. ఇప్పుడైతే 3 ఇస్తాను. ఒకే మాటలకి వేరువేరు అంకెలు ఎలా వస్తాయని అడిగారుగా, నా దగ్గరే మూడొచ్చాయి.

అందుకే అంకె వదిలేసి ‘కానీ’ ఎటువైపు ఉందో చూడండి. ‘సాగింది కానీ ఫస్టాఫ్ నిలబెట్టింది’ అన్నవాడు 3 వైపు మనిషి. ‘ఫస్టాఫ్ బాగుంది కానీ సాగింది’ అన్నవాడు 2.5.

పసుపు గీత:
అంత వివరంగా చదివే ఓపిక అందరికీ ఉండదండీ. టికెట్ కొనే ముందు నాకు అంకె కావాలి. కాకపోతే నేను సగటులు చూడను, ఒక్క మనిషినే చూస్తాను. నేను చదివే విమర్శకురాలికి సైన్స్ ఫిక్షన్ అంటే పడదు. అలాంటి ఆవిడే ఒక సైన్స్ ఫిక్షన్ సినిమాకి 2.5 ఇచ్చిందంటే నాకు పండగే. అంకె తప్పైనా ఎప్పుడూ ఒకే రకంగా తప్పైతే చాలు.

ఇంకోటి. అమెరికాలో సినిమాస్కోర్ అనే సర్వే సంస్థ వాళ్లు మొదటిరోజు సినిమా చూసిన ప్రేక్షకుల చేతే ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేయిస్తారు. అక్కడ బి వస్తే ఫర్వాలేదనుకోకండి. మొదటిరోజే పరిగెత్తుకొచ్చేది ముందే ఇష్టపడి వచ్చినవాళ్లు. వాళ్లే బి అన్నారంటే ఎక్కడో చెడింది.

చివరి వరుస:
పాత నోట్‌బుక్ గారూ, మీ ‘కానీ’ పట్టుకుని మూడు రివ్యూలూ మళ్లీ చదివాను. 2.5 ఆయనా, 3 ఆయనా అచ్చం మీరు చెప్పినట్టే దొరికారు. 3.5 ఇచ్చినావిడ రివ్యూలో మాత్రం ‘కానీ’ అన్న మాటే లేదు. క్లైమాక్స్ తేలిపోయిందని ఒక ముక్క రాసి, వెంటనే మళ్లీ ఆ లిఫ్ట్ దగ్గరికే వెళ్లిపోయింది. హీరో చేతిలో తాళాల గుత్తి చప్పుడు ఆగిపోవడం గురించి నాలుగు లైన్లు రాసింది. నేనది గమనించనే లేదు. ఈ రాత్రికి ఆ ఒక్క సీన్ మళ్లీ పెట్టుకుంటున్నాను.