ఇల్లందులో పాత పెంకుటిల్లు: 1353 ఫసలీ నుంచి లింకు కలపడం ఎలా?

ప్రశ్న
ఇల్లందులో ఒక పెంకుటిల్లు. ఉన్న కాగితాలు మూడు రకాలు: 1353 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి ఉర్దూ స్టాంపు కాగితం, 1986 సాదా బైనామా (రిజిస్టరు కాకుండా రాసుకున్న అమ్మకం కాగితం), మున్సిపాలిటీ ఇంటిపన్ను రసీదులు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే 'నిల్' వచ్చింది. మధ్యలో ఎవరెవరి చేతులు మారిందో ఎలా తెలుస్తుంది? 1973 బొగ్గు గనుల జాతీయీకరణలో సింగరేణి కంపెనీ స్థలాలన్నీ సర్కారుకు పోయాయని కూడా అంటున్నారు, నిజమేనా?

జవాబు 1
నిల్ వస్తే లావాదేవీలే లేవని కాదు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే ఉంటుంది, అందులోనూ రిజిస్టరైన దస్తావేజులే కనిపిస్తాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ సెర్చ్‌కు అర్జీ పెట్టాలి. ఇంటి నంబరుతో వెతికించకండి, అవి మారిపోయి ఉంటాయి. ఇండెక్స్ 1లో పేర్లు, ఇండెక్స్ 2లో ఆస్తి వివరాలు ఉంటాయి. అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు రెండూ ఇచ్చి, దొరికిన ప్రతి దస్తావేజు సీసీ (ధ్రువీకరించిన నకలు) తీసుకొని నాలుగు హద్దులు పోల్చండి. తూర్పున ఫలానావారి ఇల్లు అన్న మాట రెండు కాగితాల్లో కలిస్తే అదే ఇల్లని నమ్మొచ్చు.

ఇంకో సంగతి, ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. అంతకు ముందు ఇల్లందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఖమ్మంలో లేవంటే అక్కడితో ఆగకండి. ఊరి పేరు కూడా 'ఇల్లందులపాడు' అని రాసి ఉండొచ్చు.

జవాబు 2
ఉర్దూ కాగితం గురించి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం తెలియాలంటే ఆజుర్, దై, బహ్మన్ నెలలైతే 590 కలపండి, ఇస్ఫందార్ నుంచి 591. అంటే 1353 బహ్మన్ 1943 చివర, 1353 ఖుర్దాద్ 1944. ఈ ఒక్క ఏడాది తేడాతో సెర్చ్ తప్పు రిజిస్టర్‌లోకి పోతుంది.

ధర పక్కన 'సిక్కా హాలీ' (నిజాం రూపాయి) ఉందా, 'కల్దార్' (బ్రిటిష్ ఇండియా రూపాయి) ఉందా చూడండి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. తర్వాతి కాగితంలో ధర తేడాగా కనిపిస్తే వెంటనే అనుమానించకండి, ముందు నాణెం చూడండి. చదివించేటప్పుడు సారాంశం చాలదు, హద్దుల పేర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా రాయించుకోండి.

జవాబు 3
జాతీయీకరణ మాట పక్కన పెట్టండి, సింగరేణికి అది వర్తించలేదు. 1945లోనే నిజాం సర్కారు చేతికి వచ్చింది, 1960 నుంచి రాష్ట్రం, కేంద్రం వాటాదారులు. చూడాల్సింది స్థలం ఎవరిదనేది. సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరిదో, ఎవరి స్వాధీనమో రాసిన రికార్డు) నకళ్లు తీసి సర్వే నంబరు పట్టుకోండి. గ్రామకంఠమా (ఊరి నివాస స్థలం), పట్టానా, సర్కారీనా తేలుతుంది. ఆ నంబరు కంపెనీ లీజులో ఉందా అని ఎస్టేట్స్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ స్థలమైతే మధ్యలో ఎన్ని కాగితాలు మారినా చేతులు మారింది స్వాధీనమే, హక్కు కాదు.

అసలు చిక్కు 1986 బైనామాది. ఇల్లందు చుట్టుపక్కల ఊళ్లు ఏజెన్సీ (గిరిజన షెడ్యూల్డ్) ప్రాంతమే, కానీ షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో ఇల్లందు గ్రామాన్ని మినహాయించారు. మీ సర్వే నంబరు ఏ గ్రామంలోకి వస్తుందో ముందు చూడండి. ఏజెన్సీలోకి వస్తే, 1/70 (అక్కడి స్థిరాస్తి బదిలీలను కట్టడి చేసే చట్టం) అమల్లోకి వచ్చిన 1970 ఫిబ్రవరి 3 తర్వాత గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు, ఇల్లయినా అంతే. పైగా గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించే బాధ్యత స్వాధీనంలో ఉన్నవారిదే. అప్పుడు 1353 ఫసలీ కాగితం మీకు బంగారం.

ప్రశ్న అడిగినవారు
బైనామాలో ఇద్దరూ గిరిజనేతరులే. రెగ్యులరైజ్ చేయించుకోవచ్చా?

జవాబు 3
సాదా బైనామా క్రమబద్ధీకరణ వ్యవసాయ భూములకే, ఇళ్లకు కాదు. ఇంటిపన్ను రసీదులు స్వాధీనానికి సాక్ష్యం, హక్కుకు కాదు. ఇల్లు ఏజెన్సీలోకి వస్తే, అమ్మినవారు ఆ ఇంటికి సొంతదారులైన తేదీ 1970కి ముందా వెనకా అనేది మొదట తేల్చండి. వీలునామా ద్వారా వచ్చిందంటే అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బుక్ 1 (స్థిరాస్తి దస్తావేజుల రిజిస్టర్)లో ఉండదు, బుక్ 3 (వీలునామాల రిజిస్టర్)లో వెతకాలి. రాసినవారు చనిపోయాకే ఇతరులకు దాని నకలు ఇస్తారు, మరణ ధ్రువపత్రం వెంట పట్టుకెళ్లండి.