టెరారియా (వీడియో గేమ్): అద్దె గదులకు వెనక గోడ బదులు కంచె చాలా?

ప్రశ్న: ఎన్పీసీలకు (ఆటే నడిపే పాత్రలకు) వరసగా గదులు కడుతున్నాను. వెనక చెక్క కంచె వేస్తే ఆట దాన్ని ఇల్లుగా ఒప్పుకుంటుందా? రాక్షసులను ఆపుతుందా?

జవాబు 1: ఒప్పుకుంటుంది. కంచె కూడా గోడ కిందే లెక్క. గది చట్రంతో (నేల, పైకప్పు, పక్క గోడలు) కలిపి కనీసం 60 గడులుండాలి: 10×6 చాలు. లోపల 8×4, అంటే 32 గడులు. వర్క్ బెంచి (వస్తువులు తయారుచేసే బల్ల) దగ్గర 1 చెక్కకు 4 కంచెలొస్తాయి, కాబట్టి 8 చెక్కలు. తలుపుకు 6, బల్లకు 8, కుర్చీకి 4, ఒక టార్చ్. చట్రానికి తలుపు చోటు తీసేస్తే 25 దిమ్మెలు.

జవాబు 2: కానీ కంచె ఎవరినీ ఆపదండీ, అది వెనక పొర మాత్రమే. అడ్డం వచ్చేవి దిమ్మెలూ తలుపూ. బ్లడ్ మూన్ (ఆటలో ఎర్ర చంద్రుడు వచ్చే) రాత్రి జాంబీలు తలుపు తెరుస్తాయి, గుర్తుంచుకోండి.

భూమిలో తవ్విన గదైతే అక్కడి సహజ మట్టిగోడ లెక్కలోకి రాదు. సుత్తితో తీసేసి మీ గోడ వేయాలి. చాలామంది గది చెల్లకపోయేది ఇక్కడే.

జవాబు 3: నేలపైన కంచె అందం వేరు, వెనక ఆకాశం కనిపిస్తుంది. పై అంతస్తులకు కంచె, కింద రాతి గోడ వేయండి.