పాత ఆటకు ఆన్‌లైన్ కలపాలా? గోల్డెన్‌ఐ 007 మీద చర్చ

సోఫా_ప్లేయర్:
1997లో నింటెండో 64 అనే గేమ్ కన్సోల్ కోసం రేర్ సంస్థ చేసిన తుపాకీ కాల్పుల ఆట గోల్డెన్‌ఐ 007 2023 జనవరిలో మళ్లీ వచ్చింది. నింటెండో కన్సోల్ స్విచ్‌లో ఆన్‌లైన్ మల్టీప్లేయర్ (ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడటం) పెట్టారు, మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌లో పెట్టలేదు. నా ఓటు ఎక్స్‌బాక్స్‌కే. నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని, తెరను నాలుగు ముక్కలు చేసి తలా ఒకదానిలో ఆడే ఆట అది. పక్కవాడి తెర ముక్కలోకి తొంగిచూసి ఎక్కడ దాక్కున్నాడో కనిపెట్టడం, వాడు మోచేత్తో పొడవడం, అదంతా ఆటే. ఆన్‌లైన్‌లో అవేవీ ఉండవు.

డల్లాస్_బాబ్జీ:
తొంగిచూడటం ఎక్కడికీ పోలేదు అన్నా. స్విచ్ ఆన్‌లైన్‌లో కూడా తెర నాలుగు ముక్కలే, అందరివీ అందరికీ కనిపిస్తాయి. నా జట్టులో ఒకడు హైదరాబాద్‌లో, ఇంకొకడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. ఆన్‌లైన్ లేకపోతే మాకు ఆ ఆట ఉన్నా లేనట్టే.

లాగ్_విరోధి:
కనెక్ట్ అవడం వేరు, ఆడగలగడం వేరు. డల్లాస్, హైదరాబాద్ మధ్య పింగ్, అంటే సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, 200 మిల్లీసెకన్లు దాటుతుంది. పాత ఆటలు అంత ఆలస్యాన్ని ఊహించి రాసినవి కావు. 1999 నాటి ఫైటింగ్ ఆట స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్‌ను 2011లో ఆన్‌లైన్‌కు తెచ్చినప్పుడు ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి జీజీపీఓ అనే రోల్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ వాడారు. అది అవతలివాడు ఏ బటన్ నొక్కుతాడో ముందే ఊహించి ఆటను నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, అసలు నొక్కినదానితో మళ్లీ లెక్కవేస్తుంది. అంత శ్రద్ధ పెట్టేవాళ్లే ఆన్‌లైన్ జోలికి వెళ్లాలి. ఆట డబ్బా మీద 'ఆన్‌లైన్ ఉంది' అని రాసుకోవడానికైతే వద్దు.

సోఫా_ప్లేయర్:
నా భయం ఇంకోటి కూడా. 2000 నాటి డయాబ్లో 2 ఆటలో టీసీపీ/ఐపీ ద్వారా, అంటే కంపెనీ సర్వర్ లేకుండా ఒకరి కంప్యూటర్‌కు ఇంకొకరు నేరుగా కలిపి, ఆడే దారి ఉండేది. 2021లో వచ్చిన దాని కొత్త రూపం రిసరెక్టెడ్‌లో దాన్ని తీసేశారు. ఇక కంపెనీ సర్వరే దిక్కు. సర్వర్లేమో శాశ్వతం కాదు: తన పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ సేవలను నింటెండో 2024 ఏప్రిల్‌లో ఆపేసింది.

డల్లాస్_బాబ్జీ:
అది ఆన్‌లైన్ పెట్టినందుకు వచ్చిన తప్పు కాదు, పాత దారి మూసేసినందుకు వచ్చింది. స్విచ్ గోల్డెన్‌ఐలో రెండూ ఉన్నాయి. మీరు సోఫాలో ఆడుకోండి, మేం ఇక్కడి నుంచి ఆడుకుంటాం. మీకేం నష్టం?

సోఫా_ప్లేయర్:
రెండూ ఉన్నాయి, కానీ నింటెండోకు ఆన్‌లైన్ సేవ చందా కడుతున్నంత కాలమే. చందా ఆపితే సోఫాలో కూర్చున్నా ఆట తెరుచుకోదు. అదే ఎక్స్‌బాక్స్‌లో, రేర్ పాత ఆటల సంకలనం రేర్ రీప్లేను డిజిటల్‌గా కొన్నవాళ్లకు ఆటను ఉచితంగా ఇచ్చారు. ఏ చందా లేకుండా నలుగురం కూర్చుని ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ కలపండి, కాదనను. కానీ చందా, సర్వర్ లేకున్నా సోఫాలో ఆడుకోవచ్చనే హామీ ముందు ఇవ్వండి.