డ్రమ్మర్లు మారారు, బేస్ ఆయన వెళ్లిపోయాడు: టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ఇంకా అదే బ్యాండేనా?

రాత్రిబండి:
అన్నలూ, అక్కలూ, ఒక డౌట్. మా సీనియర్ పంపిన పాటల్లో టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అనే స్కాట్లాండ్ బ్యాండ్‌ది ఒకటి తగిలింది, ‘స్పార్కీస్ డ్రీమ్’. పది రోజులుగా బుర్రలో అదే తిరుగుతోంది. తీరా వెతికితే ఆ పాట రాసి పాడినాయన ఇప్పుడు బ్యాండ్‌లోనే లేడట. డ్రమ్మర్ల సంగతి సరేసరి, ఒకాయన వెళ్లిపోయి మళ్లీ వచ్చాడట. ఇంతమంది మారాక అది అదే బ్యాండ్ అనుకోవాలా? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? వీళ్లది పవర్ పాప్ అంటున్నారు, అంటే అసలు ఏంటి?

అడగడానికి సొంత కారణం కూడా ఉంది. హనుమకొండలో మాది నలుగురి బ్యాండ్. బేస్ వాయించేవాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్లిపోతున్నాడు. మాకున్న తొమ్మిది సొంత పాటల్లో మూడు వాడివే. వాడు లేకుండా అవి వాయించాలా వద్దా అని రూంలో రోజూ గొడవే.

క్లైడ్ ఒడ్డు:
తమ్ముడూ, సరైన చోటే అడిగావు. మాది తణుకు. 2011 నుంచి 2019 దాకా గ్లాస్గోలో ఉద్యోగం చేశాను. ఆఫీసులో నా పక్క సీటాయనది బెల్స్‌హిల్, గ్లాస్గోకి ఓ 16 కిలోమీటర్లు. మనవాళ్లు ఊరి పేరు చెప్పగానే అక్కడ పుట్టిన హీరోల లిస్టు చదువుతారు చూడు, ఆయన బ్యాండ్ల లిస్టు చదివేవాడు: సూప్ డ్రాగన్స్, బీఎంఎక్స్ బాండిట్స్, వీళ్లు. అంత చిన్న ఊళ్లో కుర్రాళ్లందరూ ఒకరి బ్యాండ్‌లో ఒకరు వాయించినవాళ్లే.

నార్మన్ బ్లేక్, రేమండ్ మెగిన్లీ ముందు బాయ్ హెయిర్‌డ్రెస్సర్స్ అనే బ్యాండ్‌లో ఉండేవాళ్లు. అది ఆగిపోయాక 1989లో జెరార్డ్ లవ్‌ని బేస్‌కి కలుపుకుని ఇది మొదలుపెట్టారు. నీ ‘స్పార్కీస్ డ్రీమ్’ ఈ లవ్‌దే. మొదటి డ్రమ్మర్ ఫ్రాన్సిస్ మెక్‌డోనాల్డ్. 1990లో వచ్చిన మొదటి ఆల్బమ్ పూర్తయ్యేలోపే ఆయన వెళ్లిపోయి బ్రెండన్ ఓహేర్ వచ్చాడు. ఆ ఆల్బమ్‌లో ఇద్దరి వాయింపూ ఉంటుంది. 1994లో ఓహేర్ వెళ్లాడు, సూప్ డ్రాగన్స్ డ్రమ్మర్ పాల్ క్విన్ వచ్చాడు. 2000లో క్విన్ వెళ్లాక మెక్‌డోనాల్డ్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు, ఇప్పటికీ ఆయనే. సీటు ముగ్గురి చేతులు మారి మొదటాయనకే చేరింది.

పవర్ పాప్ అనే మాట 1967లో ద హూ బ్యాండ్ పీట్ టౌన్‌షెండ్ వాడింది. నా లెక్కలో దాని అర్థం ఇంతే: పాట ఈలేసుకోవడానికి వీలుగా ఉండాలి, గిటార్ మాత్రం పక్కింటివాళ్లు తలుపు కొట్టేంత మోత మోగాలి. ముందు 1991 నాటి ‘బాండ్‌వాగనెస్క్’ పెట్టుకో, అందులోనూ మొదటి పాట ‘ద కాన్సెప్ట్’. పెళ్లి పందిట్లో మైకు కూసినట్టు ఒక కూతతో మొదలవుతుంది. ఆ కూత కిందనుంచి గిటార్ వస్తుంది, దాని మీద బ్లేక్ గొంతు చాలా మామూలుగా, వంటింట్లోంచి పలకరించినట్టు. సగం దాటాక పాట అయిపోయిందనుకుంటావు. అవ్వదు. నడక నెమ్మదిస్తుంది, మాటలు ఆగిపోయి ఉత్త ఊ, ఆ అంటూ గొంతులు, వాటి మీద తొందరే లేని గిటార్. నేను మొదటిసారి విన్నది సబ్‌వేలో, అంటే అక్కడి మెట్రో రైల్లో. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. గ్లాస్గో సబ్‌వే గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దిగకుండా అలాగే కూర్చున్నా, ఒక చుట్టు తిరిగి మళ్లీ నా స్టేషనే వచ్చింది.

ఆ ఏడాది అమెరికాలో స్పిన్ పత్రిక నిర్వాణా బ్యాండ్ ‘నెవర్‌మైండ్’ని కాదని దీన్ని ఏటి మేటి ఆల్బమ్ అంది. అట్ట మీద గులాబీ రంగులో పసుపు డబ్బుమూట బొమ్మ ఉంటుంది. అలాంటి డబ్బుమూట గుర్తు మీద కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్‌కి ముందే హక్కులుండటంతో రికార్డు కంపెనీ ఆయనకి చెక్కు పంపాల్సి వచ్చింది. డబ్బుమూట బొమ్మకి డబ్బు కట్టడం!

ఇక నీ అసలు ప్రశ్న. లవ్ ఉన్నన్నాళ్లూ ఈ బ్యాండ్‌లో ముగ్గురు పాటగాళ్లు, ఎవరి పాట వాళ్లే రాసుకుని వాళ్లే పాడేవాళ్లు, మిగతా ఇద్దరూ గొంతు కలిపేవాళ్లు. 2005లో సొంత లేబుల్ పెమా పెట్టుకున్నాక వచ్చిన ‘మ్యాన్ మేడ్’, ‘షాడోస్’, ‘హియర్’ మూడూ చూడు: ఒక్కోదాంట్లో 12 పాటలు, తలా 4. ‘షాడోస్’లో అయితే లవ్, బ్లేక్, మెగిన్లీ, మళ్లీ లవ్, బ్లేక్, మెగిన్లీ అని చివరిదాకా అదే వరస. అన్నదమ్ములు కాలవ నీళ్లకి వంతులేసుకున్నట్టు! అందుకే డ్రమ్మర్లు మారినా నాకు అదే బ్యాండ్. లవ్ వెళ్లినప్పుడే తేడా వచ్చింది.

లవ్ వెళ్లిపోతున్నాడని 2018 ఆగస్టులో చెప్పారు, దూరదేశాల టూర్ల విషయంలో కుదరలేదని. ఆ ఏడాది చివర్లో పాత ఆల్బమ్‌లు వాయించిన కచేరీలే ఆయనకి ఆఖరివి. గ్లాస్గో బారోలాండ్‌లో ఒక రాత్రి నేనున్నా. బయట నియాన్ నక్షత్రాల బోర్డు, లోపల పాతకాలం డాన్స్ హాలు, జనం ఎగిరితే చెక్క నేల కాళ్ల కింద ఊగుతుంది. ఆ కచేరీలకి ఓహేర్, క్విన్ కూడా వచ్చి డ్రమ్స్ వాయించారు. ‘స్పార్కీస్ డ్రీమ్’ వచ్చేసరికి నా పక్కన ఒక పెద్దాయన, యాభై పైనే, బీరు గ్లాసు తలమీద పట్టుకుని పాడుతున్నాడు. సగం నా కోటు మీదే పోశాడు. కోపం రాలేదు, నేనూ ఏడుపు ఆపుకునే పనిలో ఉన్నా.

ఆ తర్వాత వాళ్లు లవ్ పాటలు వాయించడం మానేశారు. కీబోర్డు మీదుండే డేవ్ మెక్‌గోవన్ బేస్‌కి మారాడు, యూరోస్ చైల్డ్స్ కీబోర్డుకి వచ్చాడు. 2021లో ‘ఎండ్లెస్ ఆర్కేడ్’ వచ్చింది: 12 పాటలు, బ్లేక్‌వి 6, మెగిన్లీవి 6. బాగుంటుంది, నెమ్మదిగా ఉంటుంది. లవ్ పాటల్లో ఉండే ఆ ఎగురుడు లేదు.

విరిగిన కర్ర:
అన్నగారూ, డ్రమ్మర్లు మారినా ఏం కాదన్నట్టు రాశారు, మా డ్రమ్మర్ల జాతి తరఫున అభ్యంతరం 😀 ‘బాండ్‌వాగనెస్క్’లో ఓహేర్ కాస్త వదులుగా, పడిపోతాడేమో అన్నట్టు వాయిస్తాడు. దానివల్లే ఆ పాటలు ఊగుతాయి. 1995 ‘గ్రాండ్ ప్రి’లో క్విన్ దగ్గరికొచ్చేసరికి అంతా ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. తమ్ముడు అడిగిన ‘స్పార్కీస్ డ్రీమ్’ ఆ ఆల్బమ్‌లోదే. ఆ పరుగులో సగం క్విన్‌ది.

క్లైడ్ ఒడ్డు:
ఒప్పుకున్నా. నేను డోలక్ కూడా సరిగ్గా పట్టుకోలేనివాణ్ణి.

మెంఫిస్ పిన్ని:
ఈ బ్యాండ్‌ని బిగ్ స్టార్‌కి కాపీ అని వెక్కిరించినవాళ్లున్నారు. ఆ బిగ్ స్టార్ 1970ల నాటి అమెరికా బ్యాండ్, మా ఊరు మెంఫిస్‌దే. ఇక్కడి ఒక సూపర్‌మార్కెట్ పేరే బ్యాండ్‌కి పెట్టుకున్నారు. 1972లో మొదటి ఆల్బమ్ రాగానే క్రిస్ బెల్ వెళ్లిపోయాడు, రెండోది చేశాక ఆండీ హమ్మెల్ వెళ్లిపోయాడు. 1993లో మళ్లీ కలిసినప్పుడు పాతవాళ్లు అలెక్స్ చిల్టన్, జోడీ స్టీఫెన్స్ ఇద్దరే. మిగతా ఇద్దరూ పోజీస్ అనే బ్యాండ్ కుర్రాళ్లు. బెల్ 1978లోనే చనిపోయాడు, అయినా ఆయన పాటలు వాయించారు. వాయించకపోతే ఇంకెవరు వాయిస్తారు? మీ వాడు పుణెలో నిక్షేపంగా ఉంటాడు కదా నాన్నా, వాడినే అడుగు. మీరు నలుగురూ రూంలో కొట్టుకోవడం దేనికి?

రాత్రిబండి:
పిన్నిగారూ, నిన్న రాత్రే అడిగాను. రెండు పాటలు వాయించుకోమన్నాడు. మూడోది ముట్టుకోవద్దన్నాడు. వాళ్ల నాన్న చనిపోయిన వారంలో రాసుకున్నాడట. ఏడాదిన్నరగా దాని వెనక నేనే కోరస్ పాడుతున్నా, ఈ సంగతి మాకెవరికీ తెలీదు.

క్లైడ్ అన్నా, ‘ద కాన్సెప్ట్’ విన్నా. నాకు సబ్‌వే లేదు కాబట్టి డాబా మీదే కూర్చున్నా.