2.75 లక్షల బడ్జెట్: చెన్నై డీజిల్ స్విఫ్టా, సింగరాయకొండ పెట్రోల్ వ్యాగన్ఆరా?

కందుకూరు మాస్టారు:
అందరికీ నమస్కారం. కందుకూరులో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇన్నాళ్లూ బైకుతో గడిచిపోయింది. అమ్మకి కిడ్నీల సమస్య వచ్చి నెలకి రెండుసార్లు నెల్లూరులో డాక్టరుకి చూపించాల్సి వస్తోంది. బస్సు ఎక్కలేకపోతోంది. అందుకే మొదటిసారి కారు కొందామని దిగాను. చేతిలో 2.75 లక్షలు ఉన్నాయి, తప్పదంటే ఇంకో పాతిక వేలు సర్దగలను. ఈఎంఐ వద్దన్నది మా ఆవిడ షరతు.

రెండు బండ్లు చూశాను. ఒకటి చెన్నైలో బ్రోకర్ దగ్గర 2014 స్విఫ్ట్ డీజిల్, టీఎన్ రిజిస్ట్రేషన్, మీటరు 92,000. అడుగుతున్నది 2.60. రెండోది సింగరాయకొండలో రిటైరైన బ్యాంకు ఉద్యోగిది, 2015 వ్యాగన్ఆర్ పెట్రోల్, ఏపీ 27, మీటరు 61,000. ఆయన 2.80 అంటున్నాడు, ఒక్క రూపాయి తగ్గనంటున్నాడు. నెల్లూరు రెండు ట్రిప్పులూ, ఊళ్లో తిరుగుడూ కలిపి నెలకి 700 కి.మీ. దాటదు. ఏది తీసుకోమంటారు?

నెల్లూరు డీజిల్:
స్విఫ్ట్. దీనికి ఆలోచనెందుకు మాస్టారూ! ఆ 1.3 డీజిల్ ఇంజను లక్షన్నర, రెండు లక్షలు తిరిగినా మొరాయించదు. నా దగ్గర అదే ఇంజను బండి ఉంది, 1.9 లక్షలు దాటింది, ఇంతవరకు ఇంజను దించలేదు. ఐదుగురిని ఎక్కించి ఏసీ వేసి కావలి దాటాక లారీని ఓవర్‌టేక్ చేసి చూడండి, పెట్రోల్ వ్యాగన్ఆర్‌కీ దీనికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఆ డబ్బా బండి ఎత్తుగా ఉంటుంది, హైవే మీద పక్కనుంచి కంటైనర్ పోతే ఊగుతుంది. పైగా 20 వేలు తక్కువకే వస్తోంది గదా!

మెకానిక్ కొడుకు:
మాది ఒంగోల్లో షెడ్డు. నాన్న పాతికేళ్లుగా ఇదే పని, నేను చేతికి గ్రీజు అంటించుకుని పదేళ్లు. డీజిల్ అన్న చెప్పింది ఇంజను వరకు నిజమే. అది మంచి ఇంజను, చైను ఉంటుంది, బెల్టు మార్చే గోల లేదు. కానీ మాస్టారి వాడకానికి అది సరిపడదు.

లెక్కల మాస్టారికి లెక్క చెప్పాల్సి వస్తోంది, ఏమనుకోకండి. పెట్రోల్ బండి లీటరుకి 17 ఇస్తుందనుకుందాం. 700 కి.మీ.కి 41 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే 4,500. డీజిల్ బండి 20 ఇస్తే 35 లీటర్లు, 97 చొప్పున 3,400. నెలకి 1,100 మిగులు, ఏడాదికి 13 వేల పైచిల్లర. పదకొండేళ్ల డీజిల్లో ఇంజెక్టర్లో టర్బోనో చేతికొస్తే రెండు మూడేళ్ల మిగులు ఒక్క బిల్లులో పోతుంది. రోజూ ఊళ్లో రెండేసి కి.మీ. తిరిగితే ఇంజను సరిగా వేడెక్కదు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే వాల్వు) మసి పట్టేస్తుంది. రోజుకి వంద కి.మీ. తిరిగేవాళ్ల బండి అది.

ఇక 92,000 అన్న మాట. డీజిల్ కొనేదే ఎక్కువ తిరగడానికి. పదకొండేళ్లలో 92,000 అంటే ఏడాదికి ఎనిమిది వేల చిల్లర. అంత తక్కువ తిరిగేవాడు డీజిల్ ఎందుకు కొన్నట్టు? మీటరు వెనక్కి తిప్పడానికి ఇప్పుడు స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, లాప్‌టాప్ పెట్టి పావుగంటలో పని కానిస్తారు. కాబట్టి మీటరు కాదు, పెడళ్ల రబ్బరు చూడండి, స్టీరింగ్ నునుపు తేలిందా, డ్రైవర్ సీటు ఒక పక్కకి కుంగిందా చూడండి. బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చివరి సర్వీసులో ఎంత చూపించిందో కనుక్కోండి.

నెల్లూరు డీజిల్:
అందరూ మీటరు తిప్పుతారా అబ్బయ్యా? సరే, పెట్రోల్ అంటున్నావు గదా, ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది. 2015 బండి దానికి తయారైంది కాదు. ఆ సంగతి ఎందుకు చెప్పవు?

మెకానిక్ కొడుకు:
చెబుతాను. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లే ఇ20కి, అంటే ఆ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి, తగ్గట్టు చేసినవి, అది నిజం. పాత బండికి మైలేజీ కొంచెం తగ్గుతుంది, రబ్బరు పైపులు, సీళ్లు ముందుగా గట్టిపడొచ్చు. వాటి ఖర్చు ఇంజెక్టర్ల ఖర్చులో పిసరంత. కొనగానే ఫ్యూయల్ పైపులు ఒకసారి చూపించుకుని, బండిని నెలల తరబడి షెడ్డులో నిలబెట్టకుండా ఉంటే చాలు.

పెన్నా ఒడ్డు:
పెట్రోలా డీజిలా అని కొట్టుకుంటున్నారు గానీ, మాస్టారూ, చెన్నై అన్న మాట దగ్గర ఆగండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందురోజు చెన్నైలో కార్లు నీళ్లలో తేలడం టీవీలో అందరం చూశాం. నేనూ చూశాను. అయినా నాలుగు నెలలు తిరక్కుండా అక్కడే కారు కొన్నాను, అంత తెలివైనవాణ్ణి. ఎండాకాలం కావడంతో బండి తళతళలాడుతోంది. లోపల మంచి సెంటు వాసన. ఆ సెంటు ఎందుకు కొట్టాడో తర్వాత అర్థమైంది.

మొదటి నెల ఎడమ వైపు పవర్ విండో దిగి మళ్లీ లేవలేదు. తర్వాత డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు. వానాకాలం మొదలవగానే లోపల బురద వాసన. ఒకరోజు ఆత్మకూరు రోడ్డులో నడిమధ్యన ఆగిపోయింది, కుటుంబమంతా బండిలో. మా ఊరి ఎలక్ట్రీషియన్ కార్పెట్ లేపితే కింద వైరింగ్ కనెక్టర్లకి పచ్చగా పట్టి ఉంది. సీటుబెల్టు చివరిదాకా లాగి చూపించాడు, అడుగున మట్టి గీత. ఆ ఒక్క పని కొనేరోజు చేసి ఉంటే 70 వేలు మిగిలేవి. అమ్మినవాడి ఫోను అప్పటికే స్విచ్చాఫ్.

బెల్టు లాగండి. స్టెప్నీ తీసి ఆ గుంటలో తుప్పు చూడండి. సీటు కింద పట్టాల బోల్టులు చూడండి, అక్కడ ఎవడూ పాలిష్ పెట్టడు. హెడ్‌లైటు లోపల తేమ గీతలుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

కోవూరు రైతుబిడ్డ:
చెన్నై బండ్లన్నీ పడవలని తేల్చేస్తే ఎలా అన్నా? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వైపు ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. మా నెల్లూరు నంబరు, ఏపీ 26 బండ్లు ఎన్ని మునిగాయో మాకు తెలుసు. అవన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నారు? ఒంగోలుకో గుంటూరుకో పోయి ‘సింగిల్ ఓనర్, లోకల్ బండి’ అయ్యాయి. నంబరు ప్లేటు చూసి నమ్మడం, నంబరు ప్లేటు చూసి భయపడడం, రెండూ ఒకటే.

కొత్తపట్నం గాలి:
సింగరాయకొండ బండికి నీళ్ల గొడవ లేకపోయినా ఉప్పుగాలి గొడవ ఉంటుంది. ఆయన ఇల్లు సముద్రం వైపా, హైవే వైపా? కారు షెడ్డులో ఉందా, వేపచెట్టు కిందా? జాకీ వేసి కింద చూడాలి. డోర్ల అడుగు అంచులు, సైలెన్సర్, సస్పెన్షన్ బిగించే చోట్లు. పైపైన తుప్పు పర్వాలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగితే మాత్రం వద్దు. మా వైపు రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన బండ్లు చూశాను, పైన అద్దంలా ఉంటాయి, అడుగు జల్లెడ.

టైపు షాపు:
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఆర్టీఓ ఆఫీసు ఎదురుగానే మా షాపు, రోజూ ఇదే చూస్తుంటాను.

టీఎన్ బండి తెస్తే అక్కడి ఆఫీసు నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఫారం 28. ఫైనాన్స్ ఉండి ఉంటే బ్యాంకు లెటరు, ఫారం 35. అది తీరనిదే ఎన్వోసీ కదలదు. మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది గానీ అదీ వేలల్లోనే. అక్కడ కట్టిన ట్యాక్సులో వాపసు అడగొచ్చు, ఆ తిరుగుడు అమ్మినవాడు సహకరిస్తేనే. అంటే 20 వేలు తక్కువన్న ఆ స్విఫ్టు ఇక్కడి నంబరు పడేసరికి వ్యాగన్ఆర్ కంటే ఎక్కువే పడుతుంది.

లోకల్ బండికి పేరు మార్పు ఫారం 29, 30తో పోతుంది. అయితే ‘తర్వాత చేయించుకుంటాలే’ అని ఆర్సీ పాత పేరునే ఉంచొద్దు. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాడికి ఈ మాట చెబితే ఆయనే పరిగెత్తుకొచ్చి సంతకం పెడతాడు. ఇన్సూరెన్సూ మీ పేరు మీదికి మారాలి. ఆయనకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

ఇంకొకటి, 2015 బండికి 2030లో ఆర్సీ గడువు అయిపోతుంది. రెన్యువల్ ఫీజు 5,000, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అదనం. 2014 బండికి ఆ ముచ్చట ఏడాది ముందే.

ఎమర్జెన్సీ సిస్టర్:
నేను ఒంగోల్లో ఆసుపత్రి క్యాజువాలిటీలో పని చేస్తాను. హైవే కేసులు మా దగ్గరికే వస్తాయి. ఇంతసేపూ ఇంజను, తుప్పు, ట్యాక్సు మాట్లాడారు. అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది, ఆమె ముందు ఏముంటుందో ఎవరూ అడగలేదు.

2014లో, కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ని పరీక్షిస్తే పెద్దల భద్రతకి ఐదింటికి సున్నా స్టార్లు వచ్చాయి. ఆ రోజుల్లో మన చిన్న కార్లలో చాలా వాటి గతి అదే. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. కాబట్టి మాస్టారూ, ఈ రెండూ వదిలేయండి. 2019 చివర్లో తయారైన ఆల్టో అయినా సరే చూడండి. కుదిరితే టాటా టియాగో, దానికి 2020లో నాలుగు స్టార్లు వచ్చాయి.

నెల్లూరు డీజిల్:
టియాగో 2.75కి మీరు ఇప్పిస్తారా సిస్టర్?

ఎమర్జెన్సీ సిస్టర్:
ఇప్పించలేను. ఆరు నెలలు ఆగమని చెప్పగలను.

మెకానిక్ కొడుకు:
సిస్టర్‌తో వాదించలేను, కానీ ఒక మాట. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు అమ్మ ముందు ఉండదు కదా. రెండో వైపు కూడా తప్పనిసరి అయింది 2021 చివర్లో. అంత కొత్తది ఈ బడ్జెట్‌లో దొరికితే నేనే కొంటాను.

ఎమర్జెన్సీ సిస్టర్:
ఏబీఎస్ అయితే బండిలో ఉన్న అందరికీ కదా తమ్ముడూ.

గూడూరు కుర్రోడు:
2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18కి దిగినప్పుడు కొత్త మారుతి ఎస్-ప్రెసో కారే షోరూం ధర 3.5 లక్షల దగ్గర మొదలైంది. పాత ఇనుముకి 2.80 ఎందుకు పెట్టాలి? ఒకటిన్నర లక్ష లోను తీసుకుంటే కొత్త బండి, వారంటీ, టెన్షన్ లేదు.

కందుకూరు మాస్టారు:
తమ్ముడూ, పైన మా ఆవిడ షరతు చదవలేదా? రోడ్డెక్కేసరికి 4 లక్షలు దాటుతుంది. కానీ ఆ ధర సింగరాయకొండ ఆయనకి చూపిస్తాను.

బాడుగ బండి:
అసలు కారెందుకు? నెల్లూరు పోను రాను బాడుగ 3,000 అనుకున్నా నెలకి 6,000. డ్రైవర్ వాడు, టైరు వాడిది, తుప్పు వాడిది. 2.75 లక్షలు బ్యాంకులో వేసుకోండి.

కందుకూరు మాస్టారు:
నేనూ అలాగే అనుకున్నాను సార్. పోయిన నెల రాత్రి పదకొండింటికి అమ్మకి ఆయాసం వచ్చింది. ఫోన్ చేసిన ఇద్దరు డ్రైవర్లూ ఎత్తలేదు.

బాడుగ బండి:
అలాగైతే కొనండి సార్. మారు మాట లేదు.

కందుకూరు మాస్టారు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. చెన్నై బ్రోకర్‌కి ఫోన్ చేసి మెకానిక్‌ని వెంటబెట్టుకు వస్తానన్నాను. ‘మీరొక్కరే రండి సార్, నచ్చితే 10,000 అడ్వాన్స్ కట్టి తీసుకెళ్లి ఎవరికైనా చూపించుకోండి’ అన్నాడు. అక్కడితో స్విఫ్ట్ ముచ్చట అయిపోయింది. డీజిల్ అన్న క్షమించాలి.

ఆదివారం పొద్దున్నే సింగరాయకొండ వెళ్లాం. ముందు ఫోన్ చేస్తే బండి వేడి చేసి పెడతారని మెకానిక్ తమ్ముడు చెవిలో వేశాడు, అందుకే చెప్పకుండా వెళ్లాం. బోనెట్ చల్లగా ఉంది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, పొగ లేదు. ఆయిల్ మూత తీసినా ఆవిరి కొట్టలేదు. కూలెంట్ మాత్రం టీ రంగులో ఉంది, ఎవరో నీళ్లు పోశారు. ఎడమ ముందు ఫెండర్‌కి పెయింట్ పడింది, బోల్టుల మీద పానా గుర్తులున్నాయి. అడిగితే దాచలేదు, గేటుకి తగిలించానని ఆయనే చెప్పాడు. సర్వీసు బిల్లులన్నీ బ్యాంకు ఫైలులో తేదీల వారీగా కుట్టి పెట్టాడు, మీటరు వాటితో కలిసింది. అడుగున పైపై తుప్పే, స్క్రూడ్రైవర్ దిగలేదు. సీటుబెల్టులు నాలుగూ లాగాను. ఆయన భార్య నన్ను వింతగా చూసింది.

కొత్త బండి ధర చూపించి 2.62కి తెచ్చాను. సిస్టర్ చెప్పింది మాత్రం వదలడం లేదు. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు. అమ్మని వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెడతాను, ఎనభై దాటను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. టైర్ల మీద 3817 అని ఉంది, అదేంటి?

మెకానిక్ కొడుకు:
2017లో 38వ వారం తయారైన టైర్లు. ఎంత గాడి ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది, వాటితో హైవే ఎక్కొద్దు. నాలుగు టైర్ల డబ్బు కూడా తగ్గించమనండి.

కందుకూరు మాస్టారు:
అడిగాను. స్టెప్నీ కొత్తదే కదా మాస్టారూ అంటున్నాడు.