మన గుండెకి దెబ్బ జన్యువుల వల్లా, కంచం వల్లా?

బ్రాడీపేట వాకర్:
పొద్దున స్టేడియంలో నాలుగు రౌండ్లేసి బయటికొస్తుంటే, ఇడ్లీ బండి దగ్గర ఒక పెద్దాయన "మన ఇండియన్స్ గుండెలే అంతండీ, ఎంత నడిచినా వచ్చేది రాకమానదు" అంటూ కారప్పొడి మీద రెండోసారి నెయ్యి పోయించుకున్నాడు. ఒళ్లు మండింది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లోనే చెప్పింది కదా, పొగాకు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, టెన్షన్ లాంటి తొమ్మిదింటి లెక్కలోకే గుండెపోటు ముప్పు దాదాపు 90 శాతం వస్తుందని, ఏ దేశంవాళ్లకైనా సరే. జాతి మీదికి నెట్టేస్తే ఇక మనం చేసేదేం ఉండదుగా, హాయి.

పటమట అక్క:
సగమే చెప్పారు. ఆ అధ్యయనంలోనే దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల్లో దాదాపు 59. అమెరికా గుండె డాక్టర్లు 2018 గైడ్‌లైన్స్‌లో దక్షిణాసియా మూలాలనే ముప్పు పెంచే అంశంగా రాశారు. మా తమ్ముడు సన్నగా ఉంటాడు, సిగరెట్ వాసనే పడదు, 41కే స్టెంట్ వేశారు. లైపోప్రోటీన్ ఎ అని రక్తంలో కొవ్వు మోసేది ఒకటుంది, ఎక్కువైతే గుండెకి ముప్పు; పుట్టుకతో వచ్చేది, వాకింగ్‌కి లొంగదు. మీ నెయ్యి పెద్దాయన మాట పూర్తిగా తప్పేం కాదు.

గొల్లపూడి కుర్రాడు:
అంటే ఆవకాయ మానక్కర్లేదన్నమాట!

బ్రాడీపేట వాకర్:
తమ్ముడూ, ఆవకాయలో కారం కాదు, ఉప్పు చూడు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే ఒక టీస్పూను. మా ఇంట్లో పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ దాటి పెరుగన్నంలోకి వచ్చేసరికి ఆ స్పూను ఎటుపోయిందో ఎవరికీ తెలీదు.

అక్కగారూ, 53 సంగతి ఒప్పుకుంటా. కానీ మనకి ఈ షుగరూ పొట్టా చిన్న వయసులోనే మొదలవడం వల్లే చాలావరకు అలా జరుగుతోందని ఆ పరిశోధకులే అన్నారు. ఇంకోటి, సన్నగా అంటే ఎవరి కొలత? బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 25 దాటితేనే బరువెక్కువ అనుకుంటాం, ఆసియా వాళ్లని 23 నుంచే జాగ్రత్తపడమంటారు. నడుం మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, చొక్కా గుండీ దగ్గర మాత్రం ముందుకొచ్చే రకం మనం. మీ తమ్ముడికి టేపు పెట్టి చూశారా?

పటమట అక్క:
ఇప్పుడే పెట్టా. 94. అదీ వాడు ఊపిరి బిగపడితే. అయినా నా మాట వెనక్కి తీసుకోను, లైపోప్రోటీన్ టెస్ట్ కూడా చేయించి రిజల్ట్ ఇక్కడే పెడతా.