డాక్టర్ చదువు పక్కన పెట్టి ఏడాది గడ్డి మైదానంలో పని: ఇది కెరీర్ అవుతుందా?

ఒమాహా అమ్మ

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. 24 ఏళ్ళుగా నెబ్రాస్కాలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఈ మే నెలలో లింకన్‌లో బయాలజీ డిగ్రీ పూర్తవుతుంది. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కి చదువుతోందనే అనుకున్నాం. పోయిన శనివారం ఇంటికొచ్చి, ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్ కన్సర్వెన్సీ వాళ్ళ హబ్బర్డ్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తానంది.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను. అప్పుడే డిగ్రీ అయినవాళ్ళ కోసం 2013 నుంచి నడుస్తోంది. ఏడాది పని. జీతం ఇస్తారు. ప్లాట్ నది దగ్గరున్న వాళ్ళ గడ్డి మైదానాల్లోనే ఉండటానికి ఇల్లు ఇస్తారు. కంచెలు బాగుచేయడం, గడ్డి విత్తనాలు కోయడం, పనికిరాని మొక్కలు తీసేయడం, పద్ధతి ప్రకారం గడ్డికి నిప్పు పెట్టడం, వాటితో పాటు సర్వేలు, రాతపని, సంస్థ మీటింగులు. వాళ్ళ నాన్న ఆ రోజు నుంచి ముభావంగా ఉన్నారు. నాకు కోపం లేదు, భయం ఉంది. ఇది కెరీర్‌కి మొదలు అవుతుందా, లేక ఒక ఏడాది పోయినట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్ అన్నయ్య

చెల్లెమ్మా, నేను వద్దనే అంటాను. జీతం ఉంది అనగానే ఉద్యోగం అనుకోకండి. 365 రోజుల తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ రంగంలో కొత్తవాళ్ళకి దొరికేవి ఎక్కువగా సీజన్ ఉద్యోగాలు. వేసవి ఒక రాష్ట్రం, చలికాలం ఇంకో రాష్ట్రం. మా అన్న కొడుకు ఇలాగే రెండేళ్ళు తిరిగాడు. చదువు అప్పు మీద వడ్డీ పెరిగింది తప్ప పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో చేస్తున్నాడు. ప్రకృతి మీద ప్రేమ ఉంటే డాక్టరయ్యాక విరాళం ఇవ్వొచ్చు, వాలంటీర్‌గా వెళ్ళొచ్చు. రంపం, ట్రాక్టర్, నిప్పుతో పని ఉంటుంది, ఆడపిల్ల. నేను మీ స్థానంలో ఉంటే నాకు నిద్ర పట్టదు.

బెంగళూరులో ఎకాలజీ

అన్నయ్యగారూ, 'వాలంటీర్‌గా వెళ్ళొచ్చు' అన్న మాట దగ్గరే నాకు కడుపు మండింది. పెద్దవారు, తప్పుగా అనుకోకండి.

నేను 2019లో ఎమ్మెస్సీ అయ్యాక ఒక సంస్థలో వాలంటీర్‌గా చేరాను. పేరు చెప్పను. తిండి, పడక ఇచ్చారు. జీతం లేదు. మేం నలుగురం చేరాం. ఏడు నెలల తర్వాత మిగిలింది ఇద్దరే, ఆ ఇద్దరికీ ఇంటి నుంచి డబ్బు వచ్చేది. నాకు మా అమ్మ బ్లౌజులకు మగ్గం వర్క్ చేసి నెలకు మూడు వేలు పంపేది. ఒక రోజు ఫోన్లో ఆమె దగ్గు విన్నాను, ఆ వారమే తిరిగి వచ్చేశాను. నాకన్నా ముందు వెళ్ళిపోయినతను గొర్రెల కాపరుల ఇంటివాడు. ఏ గడ్డి ఏ నెలలో గింజ పడుతుందో, దేన్ని గొర్రె ముట్టదో మా సారు కన్నా అతనికే బాగా తెలుసు. ఇప్పుడు హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. ఈ రంగం పోగొట్టుకున్నది అలాంటి మనిషిని.

అందుకే జీతం, ఇల్లు ఇచ్చే ఫెలోషిప్ అంటే నాకు గౌరవం. అది దయ కాదు. ఏడాదికి కొద్దిమందినే తీసుకున్నా, ఆ కొద్దిమందిలో డబ్బున్న ఇంటివాళ్ళే ఉండాల్సిన అవసరం లేకుండా చేస్తుంది.

స్టిల్‌వాటర్ నుంచి

ఓక్లహోమాలో నేచురల్ రిసోర్సెస్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మాది కరీంనగర్. రెండు విషయాలు.

ఇది చదివి అప్లై చేద్దామనుకునే ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మన పరిస్థితి వేరు. డిగ్రీ తర్వాత ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఏడాది ఫెలోషిప్ దాన్నంతా తినేస్తుంది. మీ డిగ్రీకి స్టెమ్ పొడిగింపు (సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలకి ఓపీటీ మీద ఇచ్చే అదనపు సమయం) ఉందా, ఆ తర్వాత ఎవరు తీసుకుంటారు అన్నది ముందే చూసుకోండి. అక్కా, మీ అమ్మాయికి ఈ టెన్షన్ లేదు. పైగా 26 ఏళ్ళ దాకా మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉండొచ్చు.

రెండోది నిప్పు గురించి. బయటి నుంచి చూస్తే భయమే, నాకూ మొదట చేతులు వణికాయి. కానీ గాలి వేగం, తేమ చూసి, ముందే గడ్డి కోసి హద్దు గీసుకుని, నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టుకుని, ఎవరు ఎక్కడ నిలబడాలో రాసుకున్నాకే అగ్గి అంటిస్తారు. లెక్క కుదరకపోతే ఆ రోజు మానేసి ఇంటికి పోతారు. ఇక్కడ ఆ నిప్పు లేకపోతే ఎర్ర సెడార్ చెట్లు మైదానాన్ని కమ్మేస్తాయి. సెడార్ ఇక్కడి చెట్టే, పరాయిది కాదు. ఒకప్పుడు మంటలే దాన్ని లోయల్లో, రాళ్ళ మధ్య ఆపి ఉంచేవి. ఎత్తు గడ్డి ప్రేరీ, అంటే నిలువెత్తు గడ్డి పెరిగే ఇక్కడి మైదానం, ఒకప్పుడు ఉన్నదాంట్లో ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు. నెబ్రాస్కాలోని ఇసుక దిబ్బల గడ్డి నేల, శాండ్‌హిల్స్, మాత్రం దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు, ఎక్కువ భాగం నాగలి తగలని గడ్డి. మీ అమ్మాయి ఆ రాష్ట్రంలోనే పుట్టింది.

డల్లాస్ అన్నయ్య

తమ్ముడూ, నిప్పు గురించి చెప్పింది బాగుంది, ఒప్పుకుంటున్నా. బెంగళూరు అమ్మాయి బాధ కూడా అర్థమైంది. వాలంటీర్ మాట ఆలోచించకుండా అన్నాను. కానీ కంచె వేయడం, కలుపు తీయడం సైన్స్ ఎలా అవుతుంది? నాలుగేళ్ళ డిగ్రీ చదివింది కూలిపని చేయడానికా?

నంద్యాల బీట్

ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్తాను సార్. నేను అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నా. మా ఊరికి రోళ్ళపాడు దగ్గర.

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. 614 హెక్టార్లు. మీటరు ఎత్తు పక్షి, మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేల మీద. మా తాత దున్నేటప్పుడు జొన్న చేలల్లో చూసేవాడట. ఎద్దుల్ని కాసేపు ఆపి, అది దాటిపోయాక మళ్ళీ దున్నేవాడట. తర్వాత కాలువ నీళ్ళు వచ్చాయి, చుట్టూ పంటలు మారాయి. లోపల గడ్డి, బయట వేరే లోకం. కృష్ణజింకలు పెరిగాయి, బట్టమేక పోయింది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళోనే దాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. దేశం మొత్తంలో అడవిలో 150 లోపే ఉన్నాయంటారు, అవీ ఎక్కువగా జైసల్మేర్ వైపు.

రైతుల తప్పని నేను అనను. నీళ్ళు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ అప్పుడు గడ్డి నేలని చదవగలిగే మనిషి ఎంతమంది ఉన్నారు? మన రెవెన్యూ రికార్డుల్లో అది బంజరు, బీడు, బంచరాయి. దేశపు వేస్ట్‌లాండ్ అట్లాస్‌లోనూ అలాంటి నేలలు చాలా ఉన్నాయి. బంజరు అని రాసి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? చెట్లు నాటుదాం, సోలార్ పెడదాం. ఎండాకాలం మా మైదానం ఎండిపోయి బూడిద రంగులో ఉంటుంది, వానలు పడిన పది రోజులకే పచ్చబడుతుంది. ఆ రెండూ చూసినవాడికే అది బంజరు కాదని తెలుస్తుంది. దానికి ఏడాది పడుతుంది సార్. నాలుగు కాలాలూ అదే నేల మీద ఉండాలి. కంచె దగ్గర పనిచేస్తేనే ఏ వైపు మేత ఎక్కువైందో, ఏ గడ్డి తగ్గిందో కంటికి కనిపిస్తుంది. అది కూలిపని అయితే కావచ్చు, చదువు కూడా అదే.

మాకు ఇక్కడ అలాంటి ఫెలోషిప్ ఉంటే నేను ముందు వరుసలో నిలబడతాను.

బెంగళూరులో ఎకాలజీ

నంద్యాల తమ్ముడూ, నీ మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్తా. అక్కడి పద్ధతిని తెచ్చి ఇక్కడ అతికించకూడదు. వాళ్ళది ఇంటి చెట్టుతో గొడవ, మనది బయటి నుంచి తెచ్చిన సర్కారు తుమ్మతో. గుజరాత్ కచ్ఛ్‌లోని బన్నీ గడ్డి మైదానంలో ఉప్పు నేల పెరగకుండా ఆపుతుందని దాన్ని చల్లారు, అది గడ్డినే మింగింది. పైగా మన మైదానాల్లో మందలు, కాపరులు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళని బయటికి పంపి చేసే సంరక్షణ నాకు వద్దు. ఐక్యరాజ్యసమితి 2026ని మేత భూముల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉండటం నాకు చాలా నచ్చింది.

అక్కా, మీ అసలు ప్రశ్నకి: పీహెచ్‌డీ వైపు వెళ్ళినా, మెడిసిన్‌కి తిరిగి వచ్చినా ఈ ఏడాది అడ్డం కాదు. అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో సగం మందికి పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఆగే చేరుతున్నారు.

డల్లాస్ అన్నయ్య

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఏడాది తర్వాత డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. చెల్లెమ్మా, అమ్మాయి చేత ఈ మూడూ అడిగించండి: ఇంతకుముందు చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, పనిలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, ఉద్యోగాలకి అప్లై చేయడానికి ఆ ఏడాదిలో టైమ్ ఇస్తారా.

ఒమాహా అమ్మ

పది రోజులు రాయలేకపోయాను, క్షమించండి. అన్నయ్యగారి మూడు ప్రశ్నలూ అమ్మాయిని అడిగాను. మొదటిదీ మూడోదీ తను ముందే నోట్‌బుక్‌లో రాసుకుంది. దెబ్బల సంగతి ఆలోచించలేదంది, అడుగుతానంది.

ఆదివారం ముగ్గురం కార్నీ వైపు ప్లాట్ నది దగ్గరికి వెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉండి మార్చిలో అక్కడికి వెళ్ళడం ఇదే మొదటిసారి. శాండ్‌హిల్ క్రేన్లు, మన సారసాల జాతివి, ఈ రోజుల్లో 5 లక్షలకు పైగా అక్కడ ఆగుతాయట. పొద్దుగుంకే వేళ నది మధ్య ఇసుక తిన్నెల మీదికి దిగుతుంటే ఆ అరుపుల్లో మా మాటలు మాకు వినపడలేదు. ఆ తిన్నెల మీద చెట్లు పెరిగిపోకుండా ఏటా మనుషులు తీసేస్తారని, లేకపోతే అవి దిగవని అమ్మాయి చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆయనే అడిగారు, "ట్రాక్టర్ ఎవరు నేర్పిస్తారు?" అని. ఆయన నాన్నగారు కంకిపాడు దగ్గర వ్యవసాయం చేసేవారు. మిగిలిన దారంతా ఇద్దరూ ట్రాక్టర్ గురించే మాట్లాడుకున్నారు.

అప్లికేషన్ రాయడం మొదలుపెట్టింది. ఎంక్యాట్ పుస్తకాలు ఇంకా తన బల్ల మీదే ఉన్నాయి.

డల్లాస్ అన్నయ్య

మంచిది చెల్లెమ్మా. దెబ్బల ఖర్చు సంగతి మాత్రం ఈమెయిల్‌లో అడగమనండి, నోటిమాట మీద వదిలేయొద్దు.